బోర్ల పందెంలో గెలిచేది చౌడే



ఏ సదస్సుకు వెళ్లినా మనకు ఒకే పాఠం చెబుతారు. "రైతుకు నీటి విలువ తెలియదు, నీళ్లు వృథా చేస్తాడు, పొదుపు నేర్చుకోవాలి" అని. ఆ మాట చెప్పేవాళ్ల బల్ల మీద సీసా నీళ్లుంటాయి. వినే మనం తెల్లవారుజామున కరెంటు ఎప్పుడొస్తుందో అని స్టార్టరు దగ్గర పడుకుని లేచి వచ్చినవాళ్లం. అనంతపురం రైతుకు నీటి విలువ తెలియదనడం, చేపకు ఈత రాదనడం లాంటిది.

కాబట్టి ఆ పాఠాన్ని మనం తిప్పికొట్టాల్సిందే. అయితే తిప్పికొట్టాక మన ఇంటిని మనం ఒకసారి చూసుకోవాలి. ఈ వ్యాసంలో పాలకులను అడిగేవీ ఉన్నాయి, మన సంఘాన్ని అడిగేవీ ఉన్నాయి. రెండోది కొందరికి నచ్చకపోవచ్చు. చెప్పకపోతే మాత్రం రేపు చెప్పడానికి భూమి మిగలదు.

నేను మూడు బోర్లు వేసినవాణ్ణి. మొదటిది రెండు వందల అడుగుల్లో నాలుగేళ్లు ఆడి ఎండిపోయింది. రెండోది నాలుగు వందల అడుగులు పోయి దుమ్ము లేపింది. మూడోది ఏడు వందల దగ్గర ఇంచున్నర నీళ్లు పోసింది. ఆ రోజు రిగ్గు లారీ ముందు కొబ్బరికాయ కొట్టి, ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. ఆ నీళ్లతో చీనీ చెట్లు పెంచాను. కొన్నేళ్లకు ఆకుల కొసలు మాడాయి. డ్రిప్ తడి ఆరిన చోట తెల్లగా పొర కట్టింది. తెగులనుకుని మందులు కొట్టాను. చివరికి నీళ్లూ మట్టీ పరీక్షకు ఇస్తే తేలింది: తెగులు చెట్టుకు కాదు, నీళ్లకే. ఏడు వందల అడుగుల నుంచి నేను అప్పు చేసి పైకి తెచ్చుకున్నది సగం నీళ్లు, సగం ఉప్పు అన్నట్టు ఉంది. ఆ నీళ్లను ముందే పరీక్ష చేయించమని నాకు ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే ఈ పత్రికలో రాసేవాణ్ణి కాదు.

లెక్క మనమే వేసుకుందాం

ఉమ్మడి అనంతపురం జిల్లాలో, అంటే 2022 ఏప్రిల్‌లో విడిపోయిన అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో, ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి. తూర్పు తీరం నుంచి వచ్చే ఈశాన్య వాన మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. ఇది కొత్త సంగతి కాదు. కొత్తగా వేయాల్సింది లెక్క.

ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. 550 మిల్లీమీటర్లంటే ఎకరాకు సుమారు 22 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఉంది. కానీ మనది రాతినేల. కింద గ్రానైటు, పైన పలచని ఎర్రమట్టి. పడిన వానలో చాలాభాగం ఆవిరవుతుంది, పంటా గడ్డీ తాగుతాయి, కొంత వాగుపాలవుతుంది. ఇలాంటి రాతి ప్రాంతంలో భూమిలోకి దిగి బోర్లకు చేరేది వానలో పదో వంతు అనుకుంటే అది ఉదారమైన లెక్కే. అంటే ఎకరా భూమి ఏడాదికి బోరుకు ఇవ్వగలిగేది రెండు లక్షల ఇరవై వేల లీటర్లు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఎండ ప్రాంతంలో అరటికి ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల నీళ్లు తక్కువ కాదు. వాన నుంచి నేరుగా అందే నాలుగు వందలు తీసేసినా బోరు నుంచి తోడాల్సింది 1,100 మిల్లీమీటర్లు, అంటే 44 లక్షల లీటర్లకు పైనే. ఒక ఎకరా అరటి తోట ఇరవై ఎకరాల భూమిలో ఇంకిన నీటిని తాగుతుంది. చీనీకి వాన పోను 600 మిల్లీమీటర్లు తోడితే పదకొండు ఎకరాల ఊట. రబీ వేరుశనగకు 500 మిల్లీమీటర్లు తోడితే తొమ్మిది ఎకరాల ఊట. బోరు కింద వేసవి వరి వేస్తే ఇరవై ఎకరాలు దాటిపోతుంది.

అరటి వేసిన రైతుకు ఇరవై ఎకరాలుందా? లేదు. మరి మిగతా పంతొమ్మిది ఎకరాల నీళ్లు ఎవరివి? పక్కోడివి. బోరు లేని వాడివి. బావి ఎండిన వాడివి. ఇంకా పుట్టని పిల్లలవి.

ఈ లెక్క అరటి రైతును దొంగను చేయడానికి కాదు. తాడిపత్రి నుంచి 2020 జనవరిలో అరటి పండ్లతో రైలు ముంబయి రేవుకు బయలుదేరినప్పుడు అందరం సంతోషించాం. మన పండు విదేశాలకు పోతోందని పాలకులు జెండా ఊపారు. ఆ పెట్టెల్లో పండుతో పాటు మన భూగర్భంలోని నీరూ పోయిందని ఆ వేదిక మీద ఎవరూ అనలేదు. "ఆంధ్రప్రదేశ్ పండ్ల గిన్నె" అని బిరుదిచ్చారు. గిన్నె అడుగున ఎంత మిగిలిందో చూసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

నీళ్లు తగ్గితే ఉప్పు పెరుగుతుంది

చెరువుల కిందా, తలపరిగెల కిందా, కపిల బావుల కిందా సేద్యం చేసిన మన తాతలకు నీళ్ల కరువు తెలుసు. బోరు తెచ్చిన ఉప్పు కరువు తెలియదు. ఎందుకంటే వాళ్లు వాడింది పైపొర నీళ్లు. నిన్నమొన్నటి వాన నీళ్లు. మనం తోడుతున్నవి ఎన్నో ఏళ్లుగా రాతి పగుళ్లలో నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకున్న నీళ్లు. మన జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు పళ్లనూ ఎముకలనూ ఎలా తిన్నదో మనకు తెలుసు. తాగే నీటికి సత్యసాయి పథకం లాంటివి వచ్చి చాలా ఊళ్లను ఆదుకున్నాయి. పైరు మాత్రం ఆ బోరు నీళ్లే తాగుతోంది.

పరీక్ష కాగితంలో ఇ.సి. అని ఒక అంకె ఉంటుంది. నీటిలో మొత్తం ఉప్పు ఎంతో అది చెబుతుంది. 0.7 లోపు ఉంటే బెంగ లేదు. 0.7 నుంచి 3 దాకా జాగ్రత్త పడాలి. 3 దాటితే చాలా పంటలకు పనికిరావు. ఇ.సి. 1.5 ఉన్న నీళ్లు మనకు మామూలు నీళ్లలాగే అనిపిస్తాయి. కానీ ఆ నీళ్లలో లీటరుకు దాదాపు ఒక గ్రాము ఉప్పు ఉంటుంది. ఎకరా అరటికి 44 లక్షల లీటర్లు పారిస్తే ఏడాదికి 42 నుంచి 44 క్వింటాళ్ల ఉప్పు. యాభై కిలోల బస్తాల్లో చెప్పాలంటే 85 బస్తాలకు పైనే. మన చేలో మనమే డబ్బు పెట్టి ఎకరాకు 85 బస్తాల ఉప్పు చల్లుతున్నాం అంటే నమ్మగలమా? లెక్క అదే.

డెల్టాలో అయితే భారీ వానలు ఆ ఉప్పును కడిగి మురుగు కాలువలో కలుపుతాయి. మనకు ఆ వాన లేదు. డ్రిప్ కింద ఉప్పు తడి అంచుకు నెట్టుకుపోయి అక్కడ గుండ్రంగా పేరుకుంటుంది. కొంత కిందికి దిగి మళ్లీ బోరులోకే చేరుతుంది. మళ్లీ తోడతాం, మళ్లీ పారిస్తాం. ఉప్పు ఊళ్లోనే తిరుగుతుంది.

దీనికి తోడు కాగితంలో ఆర్.ఎస్.సి. అని ఇంకో అంకె ఉంటుంది. దాన్ని చాలామంది చూడరు. నీటిలో బైకార్బొనేటు ఎక్కువుంటే అది మట్టిలోని సున్నపు ధాతువును పట్టుకుని గడ్డకట్టిస్తుంది. అప్పుడు సోడియం ఒంటరిగా మిగిలి మట్టి రేణువులకు అంటుకుంటుంది. మట్టి ఉబ్బి, చెదిరి, పైన పెచ్చు కడుతుంది. నీళ్లు కిందికి దిగవు, వేరుకు గాలి ఆడదు. ఆర్.ఎస్.సి. 1.25 లోపు ఉంటే పరవాలేదు. 2.5 దాటితే ఆ నీళ్లు అట్లాగే పారించడం ప్రమాదం. తెల్లగా కనిపించే పాల చౌడును మంచి నీళ్లు, మురుగు పారుదల ఉంటే కడిగి బాగుచేసుకోవచ్చు. ఈ సోడియం వల్ల వచ్చే కారు చౌడు కడిగితే పోదు. జిప్సం వేయకుండా కడిగితే ఇంకా బిగుసుకుంటుంది.

పంటలన్నీ ఉప్పును ఒకేలా ఓర్చుకోవు. మట్టిలో ఇ.సి. 1.7 దాటగానే నారింజ జాతి చెట్లు దిగుబడి తగ్గించేస్తాయి. మన చీనీ ఆ జాతిదే. వేరుశనగ 3.2 దాకా ఓర్చుకుంటుంది, దాటితే ఒక్కసారిగా కూలిపోతుంది. జొన్న 6.8 దాకా నిలబడుతుంది. చూడండి, ఉప్పును ఓర్చుకునే పంటనే మనం వదిలేశాం, ఓర్చుకోలేని పంటను ఏడు వందల అడుగుల నీళ్లతో పెంచుతున్నాం.

పాలకుల చేతులు రెండు, దారులు పది

ఇక్కడిదాకా చదివి "అయితే తప్పంతా రైతుదే" అని సదస్సుల పెద్దలు చంకలు గుద్దుకోవద్దు. రైతును బోరు దగ్గరికి తోసింది ఎవరు?

2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు నమోదు చేయాలి, నీళ్లు అతిగా తోడిన ఊళ్లలో కొత్త బోరు వేయకూడదు అన్నారు. రిగ్గు లారీ ఏ ఊళ్లో ఆగింది? 2020 సెప్టెంబరులో వైఎస్సార్ జలకళ పేరుతో రెండు లక్షల ఉచిత బోర్లు వేస్తామన్నారు. అతివాడక గ్రామాలను పక్కనపెట్టామన్నారు. కానీ ఊరి సరిహద్దు రాయి నేల పైన ఉంటుంది, కింద నీటికి ఉండదు. 2016 ఆగస్టులో వేరుశనగ ఎండిపోతుంటే రెయిన్ గన్లు తెచ్చారు. ఎండే పైరుకు ఒక తడి ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ తడికి కావాల్సిన నీళ్లను ముందే ఊళ్లో నిలబెట్టకుండా, పైరు వాడాక తుపాకీతో పరిగెత్తడం సేద్యం కాదు. ఏ పార్టీ వచ్చినా కథ ఇదే: పథకం పేరు మారుతుంది, బోరు లోతు పెరుగుతుంది.

కాలువ సంగతి చూద్దాం. తుంగభద్ర ఎగువ కాలువలో మన రాష్ట్రానికి 32.5 టీఎంసీల కేటాయింపు ఉంది. డ్యాములో పూడిక చేరి 133 టీఎంసీల సామర్థ్యం 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. పూడిన మేరకు మన వాటా కాగితం మీదే మిగిలింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి, కళ్ల ముందే నీళ్లు నదిపాలైనప్పుడు, డ్యాం నిర్వహణను ఇన్నేళ్లు ఎలా చూశారో దేశమంతా చూసింది.

హంద్రీ-నీవా మన పోరాటాల పంట. 40 టీఎంసీలు, 6 లక్షల 2 వేల 500 ఎకరాలు. అందులో ఉమ్మడి అనంతపురానికి 3 లక్షల 45 వేల ఎకరాలు. 2012లో నీళ్లు జీడిపల్లికి చేరాయి. 2025లో మొదటి దశ కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేశారు. రెండో దశలో కాలువకు లైనింగ్ పనులు పెట్టారు. లైనింగ్ వేస్తే కాలువ పక్కన ఊట ఆగి బోర్లు ఎండుతాయని మన రైతులు రోడ్డెక్కారు. ఆ భయం నిజమైనదే. అయితే అసలు ప్రశ్న అడుగుదాం: సేద్యానికి తవ్విన కాలువ పక్కన రైతు ఊట కోసం ఎందుకు బతకాలి? డిస్ట్రిబ్యూటరీలూ పిల్లకాలువలూ పూర్తి చేయలేదు కాబట్టి. పిల్లకాలువ వచ్చి ఉంటే లైనింగ్ మీద గొడవే ఉండేది కాదు. కాలువ కట్ట పక్కనున్న వాడికి ఊట, రెండు మైళ్ల అవతల ఉన్న వాడికి కాలువ ఫొటో. ఇదేనా ఆయకట్టు?

ఇంకో మాట. 40 టీఎంసీలను ఆరు లక్షల ఎకరాలకు పంచితే ఎకరాకు వచ్చేది సుమారు 18 లక్షల 80 వేల లీటర్లు. అంటే 464 మిల్లీమీటర్లు. దారిలో నష్టం కూడా పోవాలి. అంటే ఈ కాలువ ఒక ఆరుతడి పంటకు తడులివ్వడానికి పుట్టింది. వరికీ అరటికీ పుట్టలేదు. ఈ సంగతి ఇప్పుడే అనుకోకపోతే ఏమవుతుందో చూడ్డానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అదే తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు వైపు చూడండి. ఆ కాలువనూ తేలికపాటి పంటల కోసమే రూపొందించారు. పైన ఉన్నవాళ్లు వరి మీద వరి వేశారు. చివర ఉన్నవాళ్లకు నీళ్లు అందలేదు. తుంగభద్ర ఆయకట్టులో దాదాపు లక్ష హెక్టార్లు నీరు నిలిచి, ఉప్పుబట్టి పాడైంది. ఒకే నది. ఒక చోట నీళ్లు ఎక్కువై చౌడు, ఇంకో చోట నీళ్లు లేక చౌడు. రెండింటికీ కారణం ఒకటే: నీళ్లను పంచుకునే కట్టుబాటు లేకపోవడం.

మన డిమాండ్ల కాగితంలో లేని వరస

ఇప్పుడు మన ఇంటి మాట. ఇన్నేళ్లుగా మన డిమాండ్ల కాగితం చదవండి. పగటి పూట కరెంటు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాలి. డ్రిప్ సబ్సిడీ బకాయిలు చెల్లించాలి. బోరు ఎండిన రైతుకు పరిహారం ఇవ్వాలి. అన్నీ న్యాయమైనవే. నేనూ ఆ ధర్నాల్లో కూర్చున్నాను. కానీ "ఇక ఈ ఊళ్లో కొత్త బోరు వద్దు, ఉన్న నీళ్లను పంచుకుంటాం" అనే ఒక్క వరస ఆ కాగితంలో లేదు. నీళ్లు ఎక్కువ కావాలని అడిగాం. ఎంత వాడాలో మనలో మనం ఒప్పుకోలేదు.

డ్రిప్ మీద కూడా నిజం చెప్పుకుందాం. 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైనప్పటి నుంచి మన జిల్లాలు ముందువరసలో ఉన్నాయి. డ్రిప్ మంచిదే. కానీ డ్రిప్‌తో మిగిలిన నీళ్లను మనం ఏం చేశాం? భూమిలో ఉంచామా? లేదు. ఇంకో రెండెకరాలకు పైపులు లాగాం. ఎకరాకు వాడకం తగ్గింది, బోరుకు వాడకం తగ్గలేదు. పొదుపు అని పేరు పెట్టి పందెం పెంచాం. ఆ పైన డ్రిప్ కింద ఉప్పు కూడగట్టుకున్నాం.

"బోరున్నవాడు ఎన్నైనా చెబుతాడు, బోరు లేని నాకు కొత్త బోరు వద్దంటే ఎలా?" అని ఒక తమ్ముడు అడుగుతాడు. సరైన ప్రశ్న. జవాబు లేకుండా నిషేధం అంటే అది ఉన్నవాడి కోటకు గోడ కట్టడమే. అందుకే నిషేధం ఒక్కటే కాదు, పంపకం కూడా కావాలి. మన జిల్లాలోనే కరువును తట్టుకునే ప్రయత్నాల్లో భాగంగా బోరున్న రైతులూ లేని రైతులూ కలిసి ఒప్పందం రాసుకుని, బోర్లను పైపులతో కలిపి, లేనివాడి వానాకాలపు పైరుకు కూడా తడి ఇచ్చిన ఊళ్లున్నాయి. కొత్త బోర్లు వేయబోమని కట్టుబడ్డారు. అంతకుముందే అనంతపురంతో పాటు ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే వానమాపకం పెట్టి, బోరులో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటి లెక్క గోడ మీద రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ దానికి తోడు నిలిచింది. రైతుకు నీటి లెక్క రాదని ఎవరైనా అంటే ఆ గోడలు చూపించండి. పథకం అయిపోయింది, డబ్బు ఆగింది, మనం కూడా కొలవడం మానేశాం. ఆ మానేయడం మాత్రం మన తప్పే.

మహారాష్ట్రలో హివరే బజార్ అనే కరువు ఊరు ఉంది. వాన మనకంటే ఎక్కువేమీ కాదు. ఆ ఊరి గ్రామసభ సేద్యానికి బోర్లు వద్దంది, చెరకు, అరటి వద్దంది, ప్రతి ఏడూ వానను బట్టి పంట నిర్ణయించుకుంది. పోలీసు వచ్చి ఆపలేదు, ఊరే ఆపుకుంది. మన చెరువుల కింద నీరుగంటి ఇదే పని చేసేవాడు. ఏ మడికి ఎప్పుడు తూము తిప్పాలో ఊరి కట్టుబాటు చెప్పేది. ఆ కట్టుబాటులో కులం బరువూ పెద్దరైతు పెత్తనం కూడా ఉండేవి. దాన్ని యథాతథంగా తెచ్చుకోమనడం లేదు. సంఘం ఉన్నది ఎందుకు? చిన్న రైతు గొంతు గెలిచేలా ఆ కట్టుబాటును కొత్తగా కట్టడానికే.

కొందరు మీటర్లు పెట్టి బిల్లు వేస్తే అంతా సర్దుకుంటుందంటారు. ససేమిరా. బిల్లు కట్టగలిగినవాడు తోడుతూనే ఉంటాడు, కట్టలేనివాడు చేను వదిలేస్తాడు. నీటికి ధర కడితే పంపకం అవదు, అది వేలం అవుతుంది. మనకు కావాల్సింది ఊరి లెక్క, ఊరి హద్దు.

ఒక ఎకరా అరటి నీళ్లతో పద్దెనిమిది ఎకరాలు

మరి ఏం పండించాలి అంటారా? మళ్లీ లెక్కకే వద్దాం. ఖరీఫ్‌లో వాన ముఖం చాటేసినప్పుడు వేరుశనగకో, రాగికో, కందికో 30 మిల్లీమీటర్ల తడి రెండుసార్లు ఇస్తే చాలాసార్లు పైరు గట్టెక్కుతుంది. దానికి ఎకరాకు రెండు లక్షల నలభై వేల లీటర్లు. అంటే ఆ ఎకరా తనలో ఇంకించుకున్న నీటికి దాదాపు సమానం. ఒక ఎకరా అరటికి తోడే నీళ్లతో పద్దెనిమిది ఎకరాల మెట్ట పంటను కాపాడొచ్చు. పైగా ఆ ఎకరాలో పడే ఉప్పు కూడా అరటిలో పడేదానిలో పద్దెనిమిదో వంతే.

"రాగి వేస్తే ధర ఎవడిస్తాడు?" అదీ సరైన ప్రశ్నే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అంది. రాగికి 2025-26లో క్వింటాలుకు 4,886 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. కొనే కేంద్రం మన మండలంలో ఎక్కడుంది? కొర్రకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరే లేదు. అరటికి రైలు పెట్టగలిగిన ప్రభుత్వం రాగికి ఒక కాటా పెట్టలేదా? నీళ్లు తక్కువ తాగే పంట వేసినవాడు నష్టపోయి, ఎక్కువ తాగే పంట వేసినవాడు బతికితే, రైతు ఏ పంట వేస్తాడు? పంట మార్చమని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ముందు ధర మార్చాలి.

తోటలు నరికేయమని ఎవరూ అనడం లేదు. ఉన్న తోటను కాపాడుకుందాం. కొత్త తోటకు ముందు నీళ్ల పరీక్ష చేయిద్దాం. తోట ఉన్నవాళ్లు ఈ నెలలోనే చేయాల్సినవి కొన్ని:

బోరు అరగంట ఆడాక శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టి, చేలో ఏడెనిమిది చోట్ల అర అడుగు లోతు మట్టి తీసి కలిపి అరకిలో పరీక్షకు ఇవ్వండి. ఇ.సి., పి.హెచ్., ఆర్.ఎస్.సి. మూడూ రాసివ్వమని పట్టుబట్టండి. ఆర్.ఎస్.సి. పరిమితిని ఎంత దాటితే అంత జిప్సం లెక్క ఉంటుంది: దాటిన ప్రతి ఒక్క అంకెకూ లక్ష లీటర్ల నీటికి సుమారు 8.6 కిలోల స్వచ్ఛమైన జిప్సం. ఇది వేరుశనగ పూతలో ఎకరాకు వేసే రెండు వందల కిలోలు కాదు, దానికి వేరే లెక్క.

చిన్న వాన పడగానే డ్రిప్ ఆపేయడం మన అలవాటు. ఉప్పు నీళ్ల తోటలో అది తప్పు. చిన్న వాన అంచున పేరుకున్న ఉప్పును కరిగించి వేరు దగ్గరికి తోస్తుంది. అప్పుడు డ్రిప్ ఆడుతూ ఉంటే ఉప్పు బయటికే పోతుంది. పెద్ద వాన వచ్చినప్పుడు మాత్రం గట్లు కట్టి ఆ నీళ్లను చెట్టు చుట్టూ ఇంకనివ్వండి. ఏడాది మొత్తంలో మనకు ఉచితంగా దొరికే కడుగుడు అదొక్కటే. కొత్త మొక్కకు ముందు జీలుగ చల్లి కలియదున్నండి. చెట్టు మొదట్లో చెత్త కప్పండి, ఆవిరి తగ్గితే ఉప్పు పైకి రావడమూ తగ్గుతుంది.

మనం అడగాల్సింది, మనం చేయాల్సింది

ప్రభుత్వాన్ని అడుగుదాం:

హంద్రీ-నీవా డిస్ట్రిబ్యూటరీలు, పిల్లకాలువలు పూర్తి చేసి, ఆయకట్టును ఆరుతడి పంటలకే ఖరారు చేయాలి. కాలువ నీళ్లతో చెరువులు నింపే క్రమం ముందే ఊళ్లకు చెప్పాలి. మండలానికొక చోట నీటి, మట్టి పరీక్ష ఉచితంగా జరగాలి, ఫలితం పదిహేను రోజుల్లో చేతికి రావాలి. ఉప్పు నీటి సేద్యం మీద పరిశోధన బాపట్ల తీరంలో జరుగుతోంది. మన రాతినేల ఉప్పు వేరు, దాని మీద రేకులకుంటలో పని జరగాలి. చౌడు భూములకు జిప్సం పూర్తి సబ్సిడీతో ఇవ్వాలి. రాగి, జొన్న, కొర్ర, కందిని పల్లెలోనే కొనాలి. బోర్లను కలిపి పంచుకునే ఊళ్లకు పైపుల ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

మనం చేద్దాం:

ప్రతి శాఖా రబీకి ముందు ఒక రోజు కూర్చోవాలి. ఊళ్లో బోర్లెన్ని, ఆడేవెన్ని, మట్టం ఎంత లోతు, వాన ఎంత పడింది అని గోడ మీద రాయాలి. ఆ నీళ్లకు సరిపడే పంటలేవో ఆ రోజే తేల్చాలి. ఏ రైతు కొత్త బోరుకు అప్పు చేయబోతున్నా శాఖ ముందు ఆ ఇంటికి వెళ్లాలి. వద్దని చెప్పడానికే కాదు, ఆ ఏడాదికి తడి ఎక్కడి నుంచి ఇవ్వగలమో చెప్పడానికి. ఆ రెండో మాట చెప్పలేకపోతే మొదటి మాట చెప్పే హక్కు మనకు లేదు.

నా మూడో బోరు ఇప్పటికీ ఆడుతోంది. దాని నీళ్లు ఈ ఏడాది చీనీ చెట్లకు సగమే ఇచ్చాను. మిగతా సగం పక్క చేలో బోరు లేని అన్న కందికి ఒక తడి పెట్టాను. ఆయన కంది కాసింది. నా చెట్లూ బతికే ఉన్నాయి. ఇది పెద్ద త్యాగం కాదు. ఒక్కడు చేస్తే మంచితనం అంటారు, ఊరంతా రాసుకుని చేస్తే కట్టుబాటు అవుతుంది. మన సంఘం అడగాల్సింది ఆ కట్టుబాటునే.

నీళ్ల కోసం ప్రభుత్వంతో కొట్లాడుదాం. నీళ్ల కోసం పక్కోడితో పందెం మాత్రం ఇక ఆపుదాం. ఆ పందెంలో నేనూ గెలవలేదు, మీరూ గెలవరు. గెలిచేది చౌడే.